వదిన తెచ్చిన భేది ఉప్పు

మెగ్నీషియం అనే మాట నేను మొదట విన్నది డాక్టరు దగ్గర కాదు, మా వదిన దగ్గర. వాళ్ళ చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, తెచ్చే సంచి మీద రాసి ఉంటుందట. ఆకులు పసుపెక్కితే నీళ్ళలో కలిపి చెట్లకు కొడతారు. "చెట్టుకు మంచిదైంది మనిషికి చెడ్డ ఎట్లయితాది?" అనేది ఆమె. అప్పుడు నేనూ తలూపాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే పళ్ళు కొరుక్కుంటాను. మా ఆయన రక్తంలో నిండింది ఆ ఉప్పే. తెచ్చి పోసింది ఆమె. మొగుడికి మందు పెట్టిందని వీధిలో పేరు పడింది మాత్రం నాకు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నా కడుపుమంట పూర్తిగా చల్లారదు, అందుకే మళ్ళీ చెబుతున్నాను.

వదిన అంటే మా ఆయనకు అక్క. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే ఈమే చంకనేసుకొని సాకింది. పెళ్ళై నార్పల దిక్కు పల్లెకు పోయింది గానీ, పోయింది అనడం మాటవరసకే. ప్రతి అమావాస్యకూ పొద్దున్నే ధర్మవరం బస్టాండులో దిగేది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో ఆ లెక్క సరిపోదు, ముక్కాలు మొగుడు ఆమే. నేను ఏ కూర వండాలో, గడప ఏ పొద్దుకు కడగాలో, ఆయన ఏ చొక్కా తొడుక్కోవాలో అన్నీ ఆమే చెప్పేది. చెప్పనీలే అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతకాని పని, అయినా ఆయన ముఖం చూసి నేర్చుకున్నాను.

అమావాస్యకే ఎందుకు వచ్చేదంటే, ఆ రోజు మా దగ్గర మగ్గం మీద కూర్చోరు. మాది గుంతమగ్గం ఇల్లు, పట్టుచీరలు నేస్తాడు మా ఆయన. మామ ఉన్న కాలం నుంచీ ఈ ఇంట్లో ఇంకో అలవాటు కూడా ఉంది. మగ్గానికి సెలవు దొరికిన ఆ పొద్దున పరగడుపున భేదికి తాగి కడుపు కడుక్కోవడం. నేత పనివాడి కడుపు ఎప్పుడూ మొండికేసి ఉంటుంది. కాళ్ళు గుంతలో పెట్టి, నడుము వంచి పొద్దంతా కూర్చుంటాడు. నీళ్ళు తాగితే లేవాల్సొస్తుంది. లేచి వస్తే చేతికి కుదిరిన వాటం పోతుంది, మళ్ళీ పోగు నడిపే నాడె మాట వినదు అనేవాడు. మా ఊరి ఎండలకు గోడలు కూడా నోరు తెరుస్తాయి, ఈయన మాత్రం మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు తాగేవాడు కాదు. నేను చెంబు తెచ్చి పక్కన పెడితే అది అట్లే వేడెక్కి ఉండేది.

మామ కాలంలో భేదికి ఆముదం తాగేవాళ్ళు. ఆ జిడ్డు, ఆ వాసన పడక చాలామంది మానేశారు. అప్పుడు వదిన ఈ ఉప్పు తెచ్చింది. మందుల అంగడిలో భేది ఉప్పు అని డబ్బాలో పెట్టి అమ్మేదీ, తోటకు కొట్టేదీ ఒకటేనని ఆమెకు ఎవరో చెప్పారట. ఆ మాట ఒట్టి అబద్ధమేమీ కాదు, రెండూ మెగ్నీషియం సల్ఫేటే. తోట సంచిలోంచి దోసెళ్ళతో తీసి, చీరల కవర్లలో చిన్నచిన్న మూటలు కట్టి తెచ్చేది. మాకే కాదు, వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పంచేది. మా అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చొని, అన్నదానం చేస్తున్న దొరసాని మాదిరి ఒక్కొక్కరినీ పిలిచి చేతిలో పెట్టేది.

అంతవరకైతే ఏమీ కాకపోయేదేమో. కానీ మా ఆయనకు బీపీ ఉంది. నడుము నొప్పికీ మోకాళ్ళకూ అంగడిలో అడిగి నొప్పి మాత్రలు మింగడం ఏళ్ళ తరబడి అలవాటు. ఆ రెండూ కలిసి కిడ్నీలను లోపల్లోపలే తినేస్తున్నాయని మాకెవరికీ తెలియదు. కిడ్నీ పాడైతే మనిషి విలవిల్లాడతాడనుకుంటాం. ఏమీ ఉండదు. నొప్పి లేకుండానే పోతాయట అవి.

పోయిన సంవత్సరం నుంచి ఆయన కడుపు మరీ మొండికేసింది. నెలకొకసారి తాగేది వారానికొకసారి అయింది. తర్వాత రోజూ అయింది. ఫోన్లో అక్కకు చెప్పుకునేవాడు. "ఇంగో చెంచా యేసుకో, అదే కదుల్తాది" అని ఆమె వైద్యం. వేసుకునేవాడు. మొదట్లో తాగగానే పరుగులు పెట్టించే ఉప్పు, రానురాను ఎంత తాగినా ఉలుకూ పలుకూ లేకుండా పోయింది. కడుపు ఉబ్బి గట్టిగా ఉండేది. ఇంకో చెంచా వేసుకునేవాడు.

అప్పుడే ఆయన వేరే మనిషి కావడం మొదలైంది. అన్నం చూస్తే వాంతికొచ్చేది. ముఖం వెచ్చగా, ఎర్రగా ఉండేది. మగ్గం మీద కూర్చుంటే కాళ్ళు సరిగా తొక్కేవి కావు. మా ఇంట్లో ఆ కాళ్ళ చప్పుడు వింటూనే నేను అన్నం వండేదాన్ని, అది తప్పితే నాకు తెలిసిపోతుంది. రెండు తొక్కులు పడి ఆగేది, ఒక తొక్కు పడి ఆగేది. పోయి చూస్తే నాడె చేతిలో పట్టుకొని తూలుతూ ఉండేవాడు. కళ్ళ రెప్పలు కిందికి జారేవి. మాట ముద్దగా వచ్చేది. "తాగినావా ఏమప్పా?" అని అడిగాను ఒకరోజు. కల్లు వాసన కూడా పడని మనిషి ఆయన. నవ్వబోయాడు గానీ పెదవులు సరిగా కదల్లేదు.

ఆ అమావాస్యకు వదిన వచ్చి తమ్ముణ్ణి చూసి గుండెలు బాదుకుంది.

"ఏమ్మే, ఏం పెడతాండావు నా తమ్మునికి? నేను సాకినప్పుడు గుండ్రాయి మాదిరి ఉండె. నీ చేతి కూడు తిని ఎట్లయినాడో చూడు."

"రోజూ తినేదే పెడతాండా వదినా. ఆస్పత్రికి పోదాం రమ్మంటే రాడు. నువ్వన్నా చెప్పు."

"ఆస్పత్రేం జేస్తాది దీనికి? ఇది మందు. పెట్టుడు మందు. మనిషి కళ్ళు చూస్తే తెలీదా?"

మా దిక్కు ఆ నమ్మకం ఒకటుంది. మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి పెళ్ళాం అన్నంలో ఏదో కలిపి పెడుతుందట. అది కడుపులో గడ్డకట్టి, మనిషిని మత్తులో ఉంచి, మెల్లగా తినేస్తుందట. దాన్ని కక్కించేవాళ్ళు ఊరూరా ఉంటారు. నేను ఆయన్ని అక్కనుంచి విడదీయాలని పెట్టానని ఆమె తేల్చేసింది. ఏం చూసి తేల్చిందో దేవుడికి తెలియాలి. పెళ్ళైనప్పటినుంచీ ఆ మనిషి నా మాట ఒక్కటి విన్నాడా? నా మందుకు అంత బలమే ఉంటే మొదట వదిన బస్సు ఎక్కకుండా చేసేదాన్ని.

మరుసటి పొద్దునకే మడకశిర దిక్కునుంచి మందు కక్కించేవాణ్ణి ఆమే పిలిపించింది. వాడి మాట సగం కన్నడం, సగం తెలుగు. భుజాన ఒక సంచి. వీధి వీధంతా మా అరుగు ముందర చేరింది. ఆయన్ని కూర్చోబెట్టి నాడి పట్టుకొని, నా ముఖం చూసి, "ఉందప్పా, బాగా పాతది" అన్నాడు. "మొదలు హొట్టె ఖాలీ కావాల."

కడుపు ఖాళీ కావడానికి ఏం తాగించారు? వదిన మూట విప్పింది. చెంబులో గుప్పెడు ఉప్పు వేసి, నీళ్ళు పోసి, వేలితో తిప్పి, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకొని తాగించింది. "తాగు నాయనా, ఇంగ కొంచెమే" అంటూ. ఆమె కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ఆ కన్నీళ్ళు నిజమైనవే, నేను కాదనను. అది నా పగను తగ్గించదు.

తర్వాత వాడు ఏదో ఆకు పసరు పోశాడు. ఆయన బేసిన్లోకి కక్కాడు. వాడు అందులో చెయ్యి పెట్టి తిప్పి, నల్లటి ముద్ద ఒకటి పైకెత్తాడు. వెంట్రుకలు చుట్టిన బెల్లంముద్ద మాదిరి ఉంది. ఆ చెయ్యి అంతకుముందు సంచిలోకి పోవడం నేను చూశాను. "వాని సంచి చూడండప్పా!" అని అరిచాను. ఎవరూ సంచి చూడలేదు. అందరూ నన్నే చూశారు.

వదిన లేచి నిలబడింది. "చూసినారు గదా అందరూ? ఇంగ ఈ ఇంట్లో దీని చేతి నీళ్ళు గూడా ముట్టను నేను. కట్టుకున్నోనికి పెట్టింది, నాకు పెట్టదా?"

నేను ఏడవలేదు. నాకు ఒళ్ళంతా మండుతోంది. ఆ నిమిషంలోనే మనసులో ఒట్టు వేసుకున్నాను. మా ఆయనకు మందు పెట్టింది ఎవరో ఇదే అరుగు మీద, ఇదే జనం ముందర, ఈమె నోటితోనే చెప్పిస్తాను. ఆ తర్వాత నా చేతి నీళ్ళు ఈమె అడిగి మరీ తాగాలి. ఎట్లా చేస్తానో అప్పుడు నాకు తెలియదు.

మధ్యాహ్నానికి ఆయన కళ్ళు తెరవడం మానేశాడు. "మందు దిగినాది గదా, నిద్ర పోనీ" అని చెప్పి వదిన తృప్తిగా బస్సెక్కి పోయింది. నేను పక్కన కూర్చొని ఆయన రొమ్ము చూస్తున్నాను. ఊపిరి ఒకసారి తీసుకుంటే మళ్ళీ తీసుకోవడం మర్చిపోయినట్టు ఉంది. పక్కింటి దూదేకుల ఆమె వచ్చింది. ఆ రోజు మా గడప తొక్కింది ఆమె ఒక్కతే. ఆయన రెప్ప పైకెత్తి చూసి, "అక్కా, ఇది నిద్ర గాదు. నేను ఆటో పిలుస్తా, నువ్వు చీర మార్చుకోవాల్నని కూర్చోవద్దు, లెయ్" అంది. ఆమె, నేను, మధ్యలో ఆయన. అనంతపురం ఆసుపత్రికి పోయేదాకా ఆమె ఆయన చెంపలు తడుతూనే ఉంది.

ఆసుపత్రిలో మొదట పక్షవాతం అనుకున్నారు. పురుగుల మందు తాగాడా అని కూడా అడిగారు. మందు అనే మాట వినగానే అది నా వెంట ఈడకూ వచ్చిందే అనుకున్నాను. డ్యూటీలో ఉన్నది ఒక డాక్టరమ్మ. ఆమె రబ్బరు సుత్తితో ఆయన మోకాలి కింద కొట్టింది. కాలు కదల్లేదు. రెండో కాలు కొట్టింది. అదీ కదల్లేదు. పెళ్ళైనప్పటినుంచీ పొద్దంతా మగ్గం తొక్కే కాళ్ళు అవి, ఆ దెబ్బకు చిన్న అదురు కూడా లేదు. నేను ఆ పొద్దున్నుంచీ భయపడింది ఒక ఎత్తు, ఆ కాళ్ళు చూసి భయపడింది ఒక ఎత్తు.

"ఏమేం మందులు వాడతాడమ్మా?" అని అడిగింది. బీపీ మాత్ర చెప్పాను. నొప్పి మాత్రలు చెప్పాను. "కడుపుకేమైనా?" అంది. "భేది ఉప్పు మేడం. రోజూ తాగుతాడు. ఈ పొద్దు గుప్పెడు తాగించినారు" అన్నాను. ఆమె రాస్తున్నది ఆపి నా వైపు తిరిగింది. ఆ ఉప్పు ఎట్లా ఉంటుంది, ఎంత, ఎప్పటినుంచి అని వరసగా అడిగింది. రక్తం తీసి, కిడ్నీ పరీక్షతో పాటు మెగ్నీషియం కూడా చూడమని రాసింది. ఆ పరీక్ష అందరికీ రాయరట, అనుమానం వస్తేనే రాస్తారట. గుండెకు తీగలు తగిలించారు. కొట్టుకోవడం బాగా నెమ్మదించిందని చెప్పి, ఫలితం వచ్చేలోపే నరంలోకి కాల్షియం మెల్లగా ఎక్కించారు. కొంతసేపటికి ఆయన రెప్పలు కొంచెం పైకి లేచాయి. తర్వాత డయాలసిస్‌కు తీసుకుపోయారు.

మరుసటి పొద్దున డాక్టరమ్మ నన్ను మంచం పక్కన నిలబెట్టి విడమరిచి చెప్పింది. నాకు అర్థమైనంత చెబుతాను. మెగ్నీషియం విషం కాదు. ఆకుకూరల్లో, నువ్వుల్లో, మన వేరుశనగ కాయల్లో అన్నిట్లో ఉంటుంది. నరాలకు, గుండెకు, కండకు కొంచెం కావాలి. ఎక్కువైంది ఏదైనా ఉంటే కిడ్నీలు మూత్రంలో బయటికి పంపేస్తాయి. అందుకే తిండి వల్ల అది రక్తంలో పెరిగిపోవడం దాదాపు ఉండదు. కిడ్నీలు పని చెయ్యని మనిషి భేది ఉప్పో, గ్యాసుకు తాగే తెల్ల సిరప్పుల్లో కొన్నిటినో తాగుతూ పోతే మాత్రం, మోరీ పూడుకుపోయిన స్నానాల జలదాట్లో బిందెలు కుమ్మరించినట్టే. మొదట వాంతులు, ముఖం వేడెక్కడం, నీరసం. తర్వాత మోకాలు కొట్టినా కాలు ఎగరదు, మనిషి మత్తుగా ఉంటాడు, బీపీ పడిపోతుంది. ఇంకా పెరిగితే ఊపిరి ఆగుతుంది, గుండె ఆగుతుంది. పేగులు కూడా సోమరి అవుతాయట. అందుకే ఎంత తాగితే అంత బిగుసుకుపోయాడు. కదలడం లేదని ఇంకో చెంచా, దానివల్ల మళ్ళీ కదలదు.

"కాన్పుకొచ్చినవాళ్ళకు ఫిట్స్ వస్తే దీన్నే మేము సూదిలో ఇస్తాం. కానీ ఇచ్చే ముందు ప్రతిసారీ మోకాలు కొట్టి చూస్తాం, మూత్రం వస్తోందా చూస్తాం" అంది. "షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, కిడ్నీ ఎట్లుందో తెలియకుండా దీన్ని ముట్టకూడదమ్మా. ఎవరిచ్చారు ఈయనకు ఇంత?"

మంచం మీద ఆయన చెయ్యి కదిలింది. నా కొంగు చివర పట్టుకున్నాడు. నేను "ఇంట్లోవాళ్ళే" అని ఊరుకున్నాను.

ఆ నిమిషం నాకు ఏడుపు రావాలి. మనిషి బతికాడు, కిడ్నీలు సగానికి పైగా పోయాయి, ఏడవడానికి కావలసినంత ఉంది. నాకు సంతోషం వచ్చింది. దొరికింది, ఇంక యాడికి పోతుంది అనే సంతోషం. మందు పెట్టింది ఎవరో ఇప్పుడు రక్తమే చెప్పింది.

ఆయనకు మాట సరిగా వచ్చాక మొదట అన్నది, "అక్కకు చెప్పద్దు."

"ఎందుకు చెప్పగూడదు?"

"ఆమె నన్ను సాకింది. తెలిస్తే బతకదు."

"నేను బతకల్నా, వద్దా? వీధిలో తలెత్తుకోని తిరగల్నా, వద్దా? నన్ను అందరి ముందర మందు పెట్టిందాన్ని చేసినప్పుడు నీ నోరు యాడ పోయింది?"

"అప్పుడు నోరు పన్జెయ్యలేదు గదా" అన్నాడు. నిజమే. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. చెయ్యి పట్టుకొని మళ్ళీ మళ్ళీ అడిగాడు. సరే, నేను ఆమెకు చెప్పను అని మాటిచ్చాను. వదిన ఆసుపత్రికి వచ్చి, మందు కాలేయం దాకా దిగిపోయింది అని వార్డంతా వినబడేట్టు ఏడ్చింది. నేను పక్కన నిలబడి నోరు మూసుకున్నాను. నా చేతి కాఫీ కూడా తీసుకోలేదు, సీసాలో నీళ్ళు తెచ్చుకుంది.

ఆమెకు చెప్పనని మాటిచ్చాను. వీధికి చెప్పనని నేను ఎవరికీ మాటివ్వలేదు.

ఇంటికొచ్చాక ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, నేను మొదటి గడప ఎక్కాను. మొదట దూదేకుల ఆమె ఇల్లు, ఆమె తల్లికి షుగరు. తర్వాత ఎదురింటి ముసలాయన, ఆయనకు బీపీ. మూటలు దాచుకున్న ప్రతి ఇంటికీ పోయాను. మందు పెట్టిన మనిషి వస్తోందని మొదట్లో తలుపు సగమే తీసేవాళ్ళు. నేను గడప బయటే నిలబడి చెప్పాను. మా ఆయన రక్తంలో దొరికింది ఏమిటి, అది యాడ నుంచి వచ్చింది, మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కిడ్నీ పరీక్ష చేయించకుండా దీన్ని తాగించొద్దు. అంతే. "అయ్యో, ఈ ఉప్పు మీ వదిన ఇచ్చింది గదా" అని వాళ్ళే అనేవాళ్ళు. "అవును గదా" అనేదాన్ని నేను. పుణ్యానికి పుణ్యం, పగకు పగ. ఆ నెలలో నేను తిన్న అన్నం ఒంటికి పట్టినంత ఎప్పుడూ పట్టలేదు.

మందు కక్కించేవాడు మళ్ళీ మా వీధి ముఖం చూడలేదు. వాడి సంగతి ఎవరో ఒకరు చూస్తారులే అని వదిలేశాను. నాకు కావలసింది వాడు కాదు.

అమావాస్య వచ్చింది. వదిన కొత్త సంచితో బస్సు దిగి మా సందులోకి తిరిగేసరికి మా అరుగు మీద ఆమె మూటలన్నీ కుప్ప పోసి ఉన్నాయి. ఎవరివి వాళ్ళే తెచ్చి పెట్టి పోయారు. నేను పెట్టమని అడగలేదు, పెట్టొద్దనీ అనలేదు. ఆడవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ గడపల్లో నిలబడి ఉన్నారు. ఆయన తువ్వాలు కప్పుకొని తలుపు పక్కన కూర్చున్నాడు.

"ఏందిది? ఎవరు తెచ్చి పోసినారు ఈడ?" అంది.  ఎదురింటి ముసలాయనే నోరు విప్పాడు. "నీ ఉప్పు మాకొద్దమ్మా. నీ తమ్మునికి వచ్చిందే మాకూ వస్తే ఎవరు జూస్తారు?"

ఆమె ముఖం నల్లబడింది. నా వైపు తిరిగింది. "నువ్వు జేసిన పనేనా ఇది? నీ పాపం నా ఉప్పు మీదికి తోస్తాండావా? నేనేమన్నా విషం ఇచ్చినానా? నేనూ తాగుతాండా ఇదే. చూడండి అందరూ, ఈడనే తాగి చూపిస్తా."

సంచిలోంచి గ్లాసు తీసింది. ఉప్పు దోసిట్లో తీసి వేసింది. తన సీసా నీళ్ళు పోసి కలిపింది. నేను ఆమె కాళ్ళు చూశాను. చెప్పుల పట్టీ దిగిన చోట లోతుగా గాడి పడి ఉంది, పాదాలు అంత ఉబ్బి ఉన్నాయి. ఆమెకు షుగరు వచ్చి చాలా ఏళ్ళైంది. తూకం వేసి తింటుంది గానీ తన ఒంటికోసం ఆసుపత్రి గడప తొక్కదు. డాక్టరమ్మ చెప్పిన మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఒక్క గ్లాసుకే ఏమీ అయ్యేది కాదేమో. అయ్యేదేమో. తాగనీ, ఆ మోకాళ్ళు కూడా కొట్టి చూడనీ, ఆమె కళ్ళ రెప్పలు కూడా జారనీ అని నా లోపల ఒకతె అరుస్తూనే ఉంది. నేను దాన్ని దాచను.

గ్లాసు పెదవి దాకా పోయింది. ఆయన "అక్కా" అంటూ లేవబోయి కాళ్ళు నిలవక మళ్ళీ కూర్చున్నాడు.

"తాగద్దు వదినా" అన్నాను. వీధి చివరిదాకా వినబడేట్టే అన్నాను. "ఇంత ఉప్పు ఈయనకు ఎవరిచ్చినారని డాక్టరమ్మ అడిగింది. నేను చెప్పలేదు. నీకు తెలిసుంటే చెప్పేసి, తర్వాత తాగు."

ఆ మాట ఆమె ప్రాణం కాపాడాలని అన్నానా, పరువు తీయాలని అన్నానా అంటే, పరువు తీయాలనే. ప్రాణం దానంతట అది నిలబడింది.

గ్లాసు అట్లే ఆగింది. ఆమె నన్ను చూడలేదు, తమ్ముణ్ణి చూసింది. "ఏం నాయనా? ఏమంటాంది ఇది? నీకు అయింది మందు గదా?" ఆయన ఏదో ఒకటి అనాల్సింది.  తల వంచుకొని తువ్వాలు అంచు మెలిపెడుతూ ఉండిపోయాడు. చిన్నప్పటినుంచీ ఆ తల ఎప్పుడు వంగుతుందో ఆమెకు తెలిసినంత నాకు కూడా తెలియదు.

గ్లాసు చేతిలోంచి జారింది. ఉప్పు నీళ్ళు అరుగు మీద పారి మూటల కిందికి పోయాయి.

"నేనే పెట్టినానా?" అంది. మెల్లగా అంది గానీ వీధంతా విన్నది. మళ్ళీ అంది, "నా తమ్మునికి నేనే పెట్టినానా?"

"ఊఁ" అన్నాను.

ఆమె మూటల పక్కనే కూలబడింది. ఏడుపు రాలేదు, గొంతు ఎండిపోయి ఎక్కిళ్ళు వచ్చాయి. ఎండ నడినెత్తికి వచ్చింది, బస్టాండు నుంచి నడిచి వచ్చిన మనిషి, ఉన్న సీసా నీళ్ళు ఆ గ్లాసులోనే పోసేసింది. పోయి పక్కన కూర్చోవాలని, వీపు నిమరాలని నాకు అనిపించలేదు. దూదేకుల ఆమె నీళ్ళు తేబోతే కళ్ళతోనే ఆపాను. అడగనీ, నోరు తెరిచి అడగనీ అని తలుపు పట్టుకొని నిలబడ్డాను.

చానాసేపటికి తల ఎత్తింది. "రోంత నీళ్ళు ఇస్తావా?" అంది. ఎప్పటి మాదిరి ఏమ్మే అనలేదు.

"ఇస్తా వదినా" అన్నాను. వీధంతా చూస్తోంది. లోపలికి పోయి, చెంబు తీసుకొని, దాన్ని తోమి, కడిగి, కొంగుతో తుడిచి, బిందె మూత తీశాను. నేను ఏమాత్రం తొందరపడలేదు.